నాలుగంటే పది

"మనిషి మనిషంతా ఇనప మెట్ల మీంచి కింద పడితే, పక్క గదిలోనే ఉన్న మీకు వినపడలేదంటారు. అంతేనా?"

జెరూషా ఆ మాట బెంగాలీలో అడిగింది. తాతది భీమిలి అయినా, ఆమె పుట్టిందీ పెరిగిందీ ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో కనుక తెలుగు ఎంతో బెంగాలీ అంతే.

ఎదురుగా కూర్చున్న డాక్టర్ ధూర్జటి లాహిరీ కళ్ళజోడు తీసి కుర్తా అంచుతో తుడుచుకున్నాడు. విశ్వవిద్యాలయంలోని ఆఫ్రికా అధ్యయన కేంద్రానికి ఆయన డిప్యూటీ డైరెక్టరు. డైరెక్టరు అనంతకృష్ణ ఆస్పత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు కాబట్టి, ఇప్పుడు కేంద్రానికి ఆయనే పెద్దదిక్కు.

"వానమ్మా. మంగళవారం మధ్యాహ్నం ఎట్లా కొట్టిందో మీరూ చూసే ఉంటారు. నా కిటికీ మీద రేకు ఉంది. దాని మీద వాన పడుతుంటే పక్కన ఏనుగు కూలినా తెలియదు. రోడ్ల మీద నీళ్ళు నిలిచాయని అందరూ ముందే వెళ్ళిపోయారు. నేనొక్కణ్ణే చదువుకుంటూ ఉండిపోయాను."

"తలుపు తీసుకుని ఒక్కసారైనా బయటికి రాలేదా?"

"ఐదు దాటాక, ఇంటికి బయల్దేరుతూ వచ్చాను. స్టోరు గది తలుపు తెరిచి ఉంది. తొంగి చూస్తే ప్రొఫెసర్‌గారు మెట్ల కింద పడి ఉన్నారు. వెంటనే అంబులెన్సుకి ఫోన్ చేశాను."

ఆయన గొంతు వణికింది. ఆ వణుకు నిజమైనదే అనిపించింది జెరూషాకు. ఆమెకు వచ్చిన చిక్కే అది. ఈ కేసులో ఎవరి మాట విన్నా నిజంలాగే ఉంది. రెండు మాటలు తెచ్చి పక్కపక్కన పెడితే మాత్రం ఒకదాన్నొకటి తన్నుకుంటున్నాయి.

ఆమెను ఇందులోకి లాగింది అనంతకృష్ణ భార్య నాగేశ్వరి. నిన్న పొద్దున్నే హౌరా పక్క షాలిమార్‌లో జెరూషా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. జెరూషా ఒకప్పుడు అక్కడి గూడ్సు యార్డులో రైల్వే రక్షణ దళం సబ్ ఇన్‌స్పెక్టరు. ఆ ఉద్యోగం వదిలేసి సొంతంగా విచారణలు చేసిపెట్టడం మొదలుపెట్టాక, హౌరాలోనూ కలకత్తాలోనూ ఉన్న తెలుగు కుటుంబాల్లో ఆమె పేరు నోటి మాటగా పాకింది.

"పోలీసులు రషీదీని పట్టుకుపోయారండీ," అంది నాగేశ్వరి కూర్చోకుండానే. "స్వాహిలీ చెప్పే పంతులు. జాంజిబార్ నుంచి వచ్చాడు. ఆదివారం ఆదివారం మా ఇంట్లో పప్పుచారు పోసుకుని అన్నం తినే మనిషి. ఈయన్ని 'బాబా' అని పిలుస్తాడు. వాడు ఈయన తల పగలగొట్టాడంటే నా మనసు ఒప్పుకోడం లేదు. అసలు చేసినవాడు బయటే తిరుగుతున్నాడనుకోండి, ఈయన కళ్ళు తెరిచే లోపల మళ్ళీ వస్తే ఏం చెయ్యను?"

ఆ సాయంత్రమే జెరూషా ఆస్పత్రికి వెళ్ళింది. దెబ్బ నాలుగు గంటల ప్రాంతంలో తగిలి ఉంటుందని డాక్టర్లు చెప్పారు. ఇంకాస్త ముందు తీసుకొచ్చి ఉంటే పరిస్థితి ఇంతవరకూ వచ్చేది కాదనీ అన్నారు. అక్కడే సాహిత్య అనే అమ్మాయిని చూసింది. వరంగల్ అమ్మాయి, కేంద్రంలో కోఆర్డినేటరు. డైరెక్టరు, డిప్యూటీ, ఈ అమ్మాయి, ముగ్గురూ కలిసే కేంద్రాన్ని నడుపుతారట. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. మంగళవారం మధ్యాహ్నమే ఇంటికి వెళ్ళిపోయానని ఒక్క ముక్క చెప్పి తల దించుకుంది.

"స్టోరు గది ఒకసారి చూస్తాను," అంది జెరూషా లేస్తూ.

లాహిరీ తనే తాళం తీశాడు. పొడుగాటి గది. గోడల పొడుగునా చెక్క ముసుగులు, ఈటెలు, తోలు వదులై పోయిన డప్పులు. గది చివర మెలికలు తిరిగిన ఇనప మెట్లు, వాటి పైన అటక. మెట్ల కింద ఎర్ర గచ్చు మీద రక్తం కడిగేసిన మరక ఇంకా నల్లగా కనబడుతోంది.

జెరూషా ఆ మరక పక్కనే గొంతుక్కూర్చుంది. గచ్చు ఒకచోట కొత్తగా పెచ్చు లేచి ఉంది. వేలు పెట్టి చూసింది. పదునైన మూలలున్న బరువైన వస్తువేదో పైనుంచి పడితే లేచిన పెచ్చు అది. మనిషి తల తగిలితే గచ్చు లేవదు.

"ఇక్కడ ఏం పడిందండీ?"

"ప్రొఫెసర్‌గారే పడ్డారు."

"ఆయనతో పాటు?"

లాహిరీ భుజాలు ఎగరేశాడు. "నేను చూసినప్పుడు ఆయన తప్ప ఏమీ లేదు. పోలీసులు ఫొటోలు తీశారుగా, చూసుకోండి."

ఆమె మెట్లెక్కి అటక మీదికి వెళ్ళింది. రేకు పెట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి. ప్రతి దాని మీదా దుమ్ము. వాటి మధ్య ఒకచోట మాత్రం పెట్టె పట్టేటంత మేర చెక్క నున్నగా, శుభ్రంగా ఉంది. అక్కడున్నది ఎవరో ఈమధ్యనే తీశారు.

"ఈ పెట్టెల్లో ఏమున్నాయి?"

"పాత రికార్డింగులు. వాట్‌గంజ్‌లో, ఏక్‌బాల్‌పూర్‌లో ఓడ కళాసీల కుటుంబాలు ఉన్నాయి కదా, వాళ్ళ తాతల్లో కొందరు మొంబాసా నుంచీ జాంజిబార్ నుంచీ వచ్చినవాళ్ళు. ఆ ముసలివాళ్ళ పాటలూ కథలూ. ఎవరూ వినరు."

"ఒకటి తక్కువుంది."

"ఎవరో పట్టుకెళ్ళి ఉంటారు. మా పిల్లలకు తీసిన చోట పెట్టే అలవాటు లేదు."

జెరూషా మెట్లు దిగుతూ ఆలోచించింది. నాగేశ్వరి మాటల్ని బట్టి అనంతకృష్ణకి మోకాళ్ళ నొప్పి. ఇంట్లో మేడ కూడా ఎక్కడు. అలాంటివాడు ఈ మెలికల మెట్ల దగ్గర ఏం చేస్తున్నాడు? పైనుంచి ఎవరో ఏదో దించి ఇస్తుంటే కింద నిలబడ్డాడా? అలాగైతే ఆ ఇచ్చినవాళ్ళెవరు? రషీదీ అనుకుందామంటే, పెట్టె కోసం మనిషిని చంపేటంత అవసరం అతనికేముంది?

"దిది, వెతికినవి దొరికాయా? లేక ఇంకో గంట నేల నాకుతారా?"

గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ సమాద్దార్ నిలబడి ఉన్నాడు. డిటెక్టివ్ విభాగం మనిషి. మీసాలు నున్నగా దువ్వుకుని, జేబులో చేతులు పెట్టుకుని నవ్వుతున్నాడు. ఈ కేసు అతనిదే. నేరస్తుడు దొరికాడని నిన్ననే పత్రికలవాళ్ళకి చెప్పేశాడు కూడా.

"నేల మీద పెచ్చు లేచింది దాదా. మీ ఫొటోల్లో ఉందా అది?"

"పాత బిల్డింగు. పెచ్చులు లేవక పూలు పూస్తాయా? ఇది మీ గూడ్సు యార్డు కాదు, బొగ్గు బస్తా ఎక్కడ జారిందా అని గచ్చు వాసన చూడ్డానికి."

"బొగ్గు దొంగల్ని పట్టుకున్నప్పుడు కూడా ముందు బొగ్గు చూసేవాళ్ళం, తరవాతే మనిషి ముఖం రంగు చూసేవాళ్ళం."

సమాద్దార్ నవ్వు మాయమైంది. "మాట జాగ్రత్త. రంగు చూసి పట్టుకోలేదు. రషీదీ గొంతే అతన్ని పట్టిచ్చింది."

అతను ఫోను తీసి ఒక రికార్డింగు పెట్టాడు. మంగళవారం తెల్లవారుతూనే రషీదీ అనంతకృష్ణకి పంపిన గొంతు సందేశం అది. హాయిగా, పెద్దవాళ్ళని పలకరించే మర్యాదతో ఉంది ఆ గొంతు.

"లెయో నితకూజా సా న్నే, ప్రొఫెసా."

"ఈ రోజు నాలుగు గంటలకి వస్తాను ప్రొఫెసర్," అన్నాడు సమాద్దార్. "లాహిరీ బాబు అనువాదం చేసి ఇచ్చారు. నా ఫోన్లో కూడా సరి చూసుకున్నాను. సా అంటే గంట, న్నే అంటే నాలుగు. దెబ్బ తగిలింది నాలుగింటికి. ఆ వేళకి ఎక్కడున్నావంటే, ఏక్‌బాల్‌పూర్‌లో గదిలో పడుకున్నానంటాడు. చూసినవాళ్ళు లేరు. ఇంకేం కావాలి మీకు?"

"అతనేమంటాడు?"

"అదే కదా తమాషా. పొద్దున్న పదింటికి వచ్చి కలిసి వెళ్ళిపోయానంటాడు. మరి నాలుగని ఎందుకన్నావయ్యా అంటే, నాలుగంటేనే పది అంటాడు."

"ఏటి?" తెలుగు మాట దానంతటదే వచ్చేసింది జెరూషా నోటి నుంచి.

"మీకు అర్థం కాలేదా? నాకూ కాలేదు. నాలుగంటే పదట. రెండు గంటలసేపు అదే పాట. చివరికి లాహిరీ బాబునే అడిగాం. తూర్పు ఆఫ్రికా మీద ఇంత లావు పుస్తకం రాసిన మనిషి. అలాంటిదేమీ లేదు, భయంతో ఏదో అల్లుతున్నాడన్నారు."

లాహిరీ నేల చూపులు చూస్తూ తల ఊపాడు.

జెరూషా తల దిమ్మెక్కింది. అబద్ధం ఆడేవాడు నమ్మేలాంటి అబద్ధం ఆడతాడు. మాట తడబడిందనో, వచ్చే వారం సంగతనో చెప్పుకుంటాడు. నాలుగంటే పది అని చెప్పి తప్పించుకోవాలనుకునే నేరస్తుణ్ణి ఆమె యార్డులో పనిచేసినన్నాళ్ళూ చూడలేదు. నిజమైతే మాత్రం ఎలా నిజం? లెక్క ఏ దేశంలోనైనా ఒకటే కదా.

కాస్త గాలి కోసం వరండాలోకి వచ్చింది. పక్కన భాషా తరగతులు జరిగే గది తలుపు ఓరగా ఉంది. లోపల ఎవరూ లేరు. బెంచీ మీద కూర్చుని, ఎదురుగోడ కేసి ఊరికే చూస్తూ ఉండిపోయింది. ఆ గోడ మీద అట్ట మీద వేసిన రంగుల గడియారం బొమ్మ ఉంది. చూసిన కొద్దీ అందులో ఏదో తేడాగా కనిపించింది. లేచి దగ్గరికి వెళ్ళింది.

బొమ్మలో అంకెలు రెండు వరసల్లో ఉన్నాయి. బయటి వరస మామూలుదే. లోపలి వరసలో ఏడు పక్కన ఒకటి వేసి ఉంది. ఎనిమిది పక్కన రెండు. తొమ్మిది పక్కన మూడు. జెరూషా వేలు తరవాతి అంకె దగ్గర ఆగింది. పది పక్కన నాలుగు.

కింద అడుగున, ఎర్ర స్కెచ్ పెన్నుతో, చిన్న అక్షరాల్లో తెలుగులో రాసి ఉంది: 'వాళ్ళకు పొద్దు పొడిస్తేనే దినం మొదలు. మన ఏడు వాళ్ళకు ఒకటి. యాది పెట్టుకో.'

ఆ భవనంలో ఆ అక్షరాలు చదవగలిగినవాళ్ళు ఎందరుంటారు? అనంతకృష్ణ. ఇప్పుడు తను. ఇంకా, రాసిన మనిషి.

ఆమె సమాద్దార్నీ లాహిరీనీ అక్కడికే పిలిచింది.

"దాదా, మీ రషీదీ పిచ్చివాడు కాదు. వాళ్ళ దేశంలో గంటలు తెల్లారినప్పటి నుంచి లెక్కపెడతారు. మనకి ఏడైతే వాళ్ళకి ఒకటి. మనకి పదైతే వాళ్ళకి నాలుగు. సా న్నే అన్నది పొద్దున్న పది. వస్తానన్న వేళకి వచ్చాడు, వెళ్ళిపోయాడు. మన నాలుగు చెప్పాలంటే అతను నాలుగని అనడు, పది అంటాడు."

సమాద్దార్ బొమ్మ చూశాడు. జెరూషా ముఖం చూశాడు. వేళ్ళు మడిచి తనలో తను లెక్కపెట్టుకున్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. తరవాత మెల్లగా లాహిరీ వైపు తిరిగాడు.

"లాహిరీ బాబూ. ఇది ఇక్కడ మీ గోడ మీదే ఉంది."

లాహిరీ బెంచీ మీద కూలబడ్డాడు. మాట వచ్చినప్పుడు ఆ గొంతు ముసలివాడి గొంతులా ఉంది.

"నాకు స్వాహిలీ రాదు."

"ఏమన్నారు?" అన్నాడు సమాద్దార్.

"రాదు. నాలుగు పలకరింపులు, అంకెలు. అంతే. పుస్తకం అంతా దుబాసీల మీద ఆధారపడి రాశాను. ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చాను. మీరు అనువాదం అడిగినప్పుడు రాదని ఎట్లా చెప్పను? ఇంత పెద్ద కుర్చీలో కూర్చుని? రషీదీ ఆ గంటల మాట చెబితే, నా బండారం బయటపడుతుందని కొట్టిపారేశాను." చేతుల్లో ముఖం దాచుకున్నాడు. "దయచేసి ఇది బయట పెట్టకండి. నన్ను చూసి పిల్లలు నవ్వుతారు."

సమాద్దార్ ఒక బూతు మాట మింగి గోడ కేసి తిరిగాడు. పెద్దమనిషి సిగ్గుతో అలా చితికిపోతుంటే చూడలేక జెరూషా కూడా కళ్ళు తిప్పుకుంది. ఆమె మనసు అప్పటికే మరో మనిషి మీదికి పోయింది.

"ఆ రికార్డింగు అనువాదం కోసం మీరు ఇక్కడ వినిపించినప్పుడు గదిలో ఇంకెవరున్నారు?"

"ఆ కోఆర్డినేటరు అమ్మాయి," అన్నాడు సమాద్దార్. "సాహిత్య. ఇక్కడే నిలబడి ఉంది."

"ఈ బొమ్మ వేసింది ఆ పిల్లే. కింద రాసిన 'యాది' అన్నది వరంగల్ వైపు మాట. సా న్నే అంటే పదని ఆ పిల్లకి తెలుసు. ఈయన నాలుగని చెబుతుంటే విని, నోరు మెదపలేదు. ఒక మనిషి జైలుకి పోతున్నా మెదపలేదు."

జెరూషా వెంటనే నాగేశ్వరికి ఫోన్ చేసింది.

"ఇంటి దగ్గరున్నానమ్మా," అంది నాగేశ్వరి. ఆమె గొంతులో మొదటిసారిగా కాస్త వెలుగు ఉంది. "ఈయన పొద్దున వేళ్ళు కదిపారు. ఏ క్షణాన్నైనా మాట రావచ్చన్నారు డాక్టరుగారు. సాహిత్య వచ్చి, మీరు వెళ్ళి కాసేపు నడుం వాల్చి రండి, నేను కూర్చుంటానంది. బంగారంలాంటి పిల్ల."

"ఇప్పుడు ఆయన దగ్గర ఆ అమ్మాయి ఒక్కతే ఉందా?"

"ఒక్కతే. ఏం?"

జెరూషా ఫోను కట్టేసి, "సాహిత్య ఆస్పత్రిలో ఉంది. ఆయనకి తెలివి వస్తోంది. గదిలో ఇంకెవరూ లేరు," అని బెంగాలీలో సమాద్దార్‌కి చెప్పింది. అతను అప్పటికే మెట్ల వైపు పరుగెడుతున్నాడు. లాహిరీ బెంచీ మీదే మిగిలిపోయాడు.

ఇద్దరూ జీపెక్కారు. సగం దారిలో సమాద్దార్ ఠాణాకి ఫోన్ చేసి, రషీదీని లాకప్పులోంచి తీసి కుర్చీ వెయ్యమని, టీ ఇప్పించమని చెప్పాడు. ఫోను పెట్టేశాక, కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు:

"పత్రికలవాళ్ళకి ఏం చెప్పాలో ఆలోచిస్తున్నాను దిది."

"ముందు ఆయన బతికుంటే చాలు దాదా."

ఆస్పత్రిలో లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కారు. గది తలుపు మూసి ఉంది. సమాద్దార్ ఒక్క తోపు తోశాడు.

అనంతకృష్ణ మంచం మీద కళ్ళు మూసుకుని ఉన్నాడు. ముక్కుకు గొట్టం ఎక్కడిది అక్కడే ఉంది. ఛాతీ నెమ్మదిగా పైకీ కిందికీ ఆడుతోంది. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, సాహిత్య ఏదో చెబుతోంది. వాళ్ళని చూసి చెయ్యి వదిలి లేచి నిలబడింది. పారిపోయే ప్రయత్నం ఏమీ చెయ్యలేదు.

జెరూషా ఊపిరి పీల్చుకుంది. చూస్తామేమోనని భయపడి పరుగెత్తుకొచ్చింది ఒకటి, కళ్ళ ముందున్నది ఇంకొకటి.

"నీకు తెలుసు కదమ్మా, సా న్నే అంటే ఏటో," అంది.

"తెలుసు మేడం."

"మరెందుకు నోరు విప్పలేదు?"

"ఆ దినం నాలుగింటికి స్టోర్ల ఉన్నది నేనే గనక."

తరవాత మాటలు వాటంతట అవే వచ్చేశాయి. అటక మీది పాత క్యాసెట్ల పెట్టె ఒకటి కావాలన్నాడట అనంతకృష్ణ. తను చదువుకునే రోజుల్లో వాట్‌గంజ్ ముసలివాళ్ళ దగ్గర రికార్డు చేసినవి అవి. లాహిరీ తన పుస్తకంలో జాంజిబార్‌లో తనే స్వయంగా విన్నానని రాసిన కథలు ఆ క్యాసెట్లలో ఉన్నాయేమోనని ఆయనకు అనుమానం వచ్చింది.

"నేను పైకెక్కి పెట్టె తీసిన. మీకు మోకాళ్ళు నొప్పులు సార్, కిందనే ఉండుండ్రి అన్న. వినలే. సగం మెట్లెక్కి చేతులు చాపిండ్రు. అది మస్తు బరువున్నది మేడం. నా చెయ్యి జారింది. పెట్టె ఆయన మీద పడ్డది. ఆయన, పెట్టె, కలిసి కింద పడ్డరు." ఆమె చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. "పిలిస్తే పలకలే. నాకేం తోచలే. బయటికి ఉరికిన. వరండాల లాహిరీ సార్ ఎదురైండ్రు."

సమాద్దార్‌కు తెలుగు రాదు. కానీ లాహిరీ పేరు వినగానే అతని తల లేచింది. జెరూషా చెయ్యెత్తి అతన్ని ఆగమంది.

"వరండాలోనా? తలుపు తియ్యలేదన్నాడే. ఆయనకి ఏటి చెప్పావు?"

"మొత్తం చెప్పిన. సార్ నా తల మీద చెయ్యి పెట్టిండ్రు. నువ్వు ఇంటికి పో, నేను అంబులెన్సు పిలుస్త, నువ్వు ఇక్కడున్నట్టు తెలిస్తే తోసినవంటరు, నీ బతుకు పాడైతదన్నరు. పోయిన. రషీదీ సార్‌ను పట్టుకపోయినంక అడిగితే, సాక్ష్యం లేదు, రెండు దినాలల్ల వదిలేస్తరు, నిన్ను కాపాడుటందుకే నాలుగని చెప్పిన అన్నరు. నమ్మిన. నమ్మాలనుకున్న మేడం. అదే నా తప్పు."

"అంబులెన్సు ఎప్పుడు పిలిచాడో తెలుసా నీకు?"

"నేను పోంగనే కదా."

"ఐదు దాటాక."

సాహిత్య అర్థం కానట్టు చూసింది. మంచం మీది మనిషిని చూసింది. అర్థమైనప్పుడు, స్టూలు మీదికి జారిపోయింది. గంటసేపు. ఆ గంటసేపూ ఆయన గచ్చు మీద నెత్తురోడుతూ పడి ఉన్నాడు. పక్క గదిలో కూర్చుని, వాన చప్పుడు వింటూ, ఎప్పుడు చచ్చిపోతాడా అని లాహిరీ ఎదురుచూశాడు. ఆ మధ్యలోనే లేచి వచ్చి పెట్టె తీసుకుపోయాడు.

జెరూషా జరిగిందంతా సమాద్దార్‌కు గబగబా బెంగాలీలో చెప్పింది. అతను నమ్మలేనట్టు తల అడ్డంగా తిప్పాడు.

"నిన్ను కాపాడ్డానికే నాలుగని చెప్పానన్నాడా? అదెట్లా దిది? ఆయనకా భాషే రాదు. మన ముందే ఏడ్చాడు కదా."

జెరూషా సాహిత్య వైపు తిరిగింది. "లాహిరీకి స్వాహిలీ రాదటమ్మా."

"ఎవరికి రాదు?" సాహిత్య కన్నీళ్ళతోనే అయోమయంగా చూసింది. "మాకు నోటి పరీక్ష పెట్టేది సారే. రషీదీ సారే అంటుంటరు, కళ్ళు మూసుకుని వింటే మా ఊరి మనిషే అనుకుంటమని."

సిగ్గుతో చితికిపోయిన ఆ పెద్దమనిషి ముఖం జెరూషా కళ్ళకు కట్టింది. చేతకానివాడినని ఒప్పుకుంటే ఎవరైనా జాలిపడి తల తిప్పుకుంటారు. తను తిప్పుకుంది. సమాద్దార్ కూడా తిప్పుకున్నాడు. పైగా సాహిత్య ఎక్కడుందో, అనంతకృష్ణకి తెలివి వస్తోందనీ, ఆ మనిషి ముందే, అతని భాషలోనే, నోరారా చెప్పి మరీ బయల్దేరింది తను.

మంచం అంచున పెట్టిన సాహిత్య ఫోను మోగింది. తెరమీద పేరు చూసి ఆ పిల్ల ముఖం పాలిపోయింది.

"లాహిరీ సార్."

"ఎత్తు," అంది జెరూషా నెమ్మదిగా. "అందరికీ వినపడేట్టు పెట్టు."

సాహిత్య వేలు తెర మీద జరిగింది. ఫోనులోంచి లాహిరీ గొంతు వచ్చింది. అందులో వణుకు లేదు, ముసలితనం లేదు. తడుముకోకుండా, వెన్నలా జారుతోంది మాట.

"ఊకో పెకె యాకో? నీకో క్వెన్యే లిఫ్టీ. నకూజా సాసా హివి."

ఫోను చేత్తో మూసి సాహిత్య గుసగుసగా చెప్పింది. "పక్కన వినేటోళ్ళకు తెల్వద్దంటే సార్ నాతోటి ఇట్లనే మాట్లాడతరు. 'ఒక్కదానివే ఉన్నవా' అంటున్నరు. లిఫ్టు దగ్గరున్నరట. 'ఇప్పుడే వస్తున్న' అంటున్నరు."

సమాద్దార్ అప్పటికే తలుపు చాటుకు నక్కి, నడుం దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. జెరూషా మంచానికీ గుమ్మానికీ మధ్యనున్న తెర వెనక్కి జరిగి, సాహిత్య కళ్ళలోకి చూసి తల ఊపింది.

సాహిత్య ఒక చేత్తో అనంతకృష్ణ చెయ్యి పట్టుకుంది. రెండో చేత్తో ఫోను నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"న్దీయో," అంది. అవును, ఒక్కదాన్నే ఉన్నానని.